బల్బు వేస్తే ఆకాశవాణి మాయం: ఈ గోలకి హద్దు ఎవరు గీశారు, ఎక్కడ గీశారు?

మధురవాడ_మూడో_అంతస్తు
నాన్నకి 78 ఏళ్లు. పొద్దున్న కాఫీ కంటే ముందు ఆకాశవాణి విశాఖపట్నం కావాలి, 927 కిలోహెర్ట్జ్, పాత రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టర్‌లో. రెండు నెలల కింద ఇల్లంతా ఎల్‌ఈడీ బల్బులు మార్చాను. అప్పట్నుంచి వార్తల చోట కందిరీగల తుట్టె. ముల్లు తిప్పుతుంటే గోల అంతటా ఒకేలా లేదు, కొంత దూరం తగ్గి మళ్లీ లేస్తోంది, మళ్లీ తగ్గుతోంది.
ఇలాంటి పరికరాలు ఎంత గోల చెయ్యొచ్చో అంతర్జాతీయంగా పరిమితులున్నాయని ఎక్కడో చదివాను. ఉంటే ఈ బల్బులు బజార్లోకి ఎలా వచ్చాయి? డబ్బా నిండా ముద్రలే. నాన్నగారి తీర్పు ఇది: "నీ బల్బులు కరెంటు మిగిల్చాయిరా, నా రేడియో తినేశాయి."

రుషికొండ_కోడింగు
ఏఎం రేడియో ఇంకా ఉందా! యాప్‌లో పెట్టివ్వండి, అయిపోతుంది.

మధురవాడ_మూడో_అంతస్తు
@రుషికొండ_కోడింగు పెట్టిచ్చాను. మధ్యలో మనవరాలి వీడియో కాల్ వస్తే వార్తలు ఎటు పోయాయో ఆయనకి దొరకవు. ట్రాన్సిస్టర్‌కి ఉన్నవి రెండే చక్రాలు, రెండూ ఆయన వేలికి తెలుసు.

చందు_99
శీర్షికలో ఈఎంఐ అని లేదు కానీ ట్యాగ్‌లో ఉంది. బ్యాంకు వాయిదాల గొడవ అనుకుని వచ్చాను. ఇదేదో వేరే ఈఎంఐ, ఒక పరికరం గోల ఇంకో పరికరాన్ని చెడగొట్టడమట. వచ్చాను కాబట్టి కూర్చుంటా.

హామ్_పాతకాపు
ముల్లు తిప్పితే గోల ఎంత దూరానికొకసారి లేస్తోందో డయల్ మీద చూసి చెప్పండి. బల్బు డ్రైవర్, ఫోన్ ఛార్జర్, అడాప్టర్, వీటన్నిటి లోపలా ట్రాన్సిస్టర్ అనే చిన్న స్విచ్చు (రేడియో కాదు) ఒకటి సెకనుకి వేల సార్లు కరెంటుని కోస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు కోస్తే అన్ని హెర్ట్జ్. దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు అలా పైకంటా గోల పోతుంది. ఆ ఎడం తెలిస్తే దొంగ సగం దొరికినట్టే.

పూర్ణామార్కెట్_వైర్లు
నా దగ్గర పోయిన బల్బులు రోజూ వస్తాయి, విప్పి చూస్తుంటాను. మంచి బల్బులో కరెంటు లోపలికొచ్చే దగ్గర చిన్న కాయిల్ ఒకటి, పసుపు డబ్బా కెపాసిటర్ ఒకటి ఉంటాయి. చవక వాటిలో ఆ రెండింటికీ బోర్డు మీద చోటుంటుంది, పేరు కూడా తెల్లక్షరాల్లో అచ్చేసి ఉంటుంది, వస్తువే ఉండదు. కాయిల్ కన్నాల మధ్య తీగముక్క పెట్టి అతికేస్తారు. డిజైన్ చేసినోడికి తెలుసు, పెట్టినోడికీ తెలుసు. తీసేసినోడికి ఇంకా బాగా తెలుసు. బల్బు మాత్రం వెలుగుతుంది కదా, కొనేవాడికి ఇంకేం కావాలి.

గీత_గోపాలపట్నం
నాకు భయంగా ఉంది. ఈ రేడియేషన్ ఇంట్లో ఇంత ఉంటే పిల్లల ఆరోగ్యం? రేడియోకే ఇలా అయితే మెదడుకి ఎలా ఉంటుంది?

ఛాంబర్‌లో_కూలీ
ఈఎంసీ ల్యాబ్‌లో, అంటే పరికరాల రేడియో గోల కొలిచే చోట, పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, తిట్టుకోకండి.

ముందు గీతగారికి. ఇవి రెండు వేరే లెక్కలు. మనిషి ఒంటికి సంబంధించిన పరిమితులు ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే సంస్థ ఇస్తుంది. సెల్ టవర్ల విషయంలో మన దేశం 2012 సెప్టెంబరులో వాళ్లు చెప్పినదాన్ని కూడా పదో వంతుకి తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకి 0.45 వాట్, అంటే మీటరుకి సుమారు 13 వోల్టులు. ఇక్కడ మనం మాట్లాడుకునే పరిమితి అదే ఫ్రీక్వెన్సీ దగ్గర, 10 మీటర్ల దూరంలో, మీటరుకి 71 మైక్రోవోల్టులు. మొదటిది రెండోదానికి లక్షా ఎనభై వేల రెట్లు. ఇది మెదడు కోసం పెట్టింది కాదండి, రేడియో చెవి కోసం పెట్టింది. రేడియో చెవి మన మెదడు కంటే చాలా సున్నితం.

ఇక పరిమితుల సంగతి. 1934లో పుట్టిన సిస్పర్ అనే కమిటీ వీటిని నిర్ణయిస్తుంది, విద్యుత్ పరికరాలకి అంతర్జాతీయ ప్రమాణాలు రాసే ఐఈసీలో భాగం. అప్పట్లో మోటార్లు, ట్రామ్‌లు రేడియో ప్రసారాలని పాడుచేస్తుంటే, సరుకు దేశాలు దాటుతుంది కాబట్టి తలా ఒక కొలత పెట్టుకుంటే కుదరదని యూరప్ వాళ్లు కూర్చున్నారు. అంటే మీ నాన్నగారి ఫిర్యాదు సరిగ్గా ఆ కమిటీ పుట్టుకకి కారణమైన ఫిర్యాదే. ఇప్పుడు వస్తువుని బట్టి ప్రమాణం: లైట్లకి సిస్పర్ 15, మిక్సీ ఫ్రిజ్‌లాంటి వాటికి 14, పరిశ్రమల యంత్రాలకి 11, కంప్యూటర్లూ టీవీలకి 32.

150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా వైరు వెంట వచ్చే గోలని కొలుస్తాం. అక్కడి నుంచి పైకి గాల్లో వచ్చేదాన్ని యాంటెన్నాతో. ఇళ్లలో వాడే సరుకుకి 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ వరకు 10 మీటర్ల దగ్గర మీటరుకి 30 డీబీ మైక్రోవోల్ట్, 1000 వరకు 37 (డీబీ అంటే డెసిబెల్, రెట్లని కొలిచే లెక్క; పైన చెప్పిన 71 మైక్రోవోల్టులు ఈ 37 డీబీయే). ఫ్యాక్టరీ సరుకుకి ఇంకో 10 డీబీ వదులు. మీ 927 వైరు కొలతలోకి వస్తుంది: క్వాసీ పీక్‌లో 56 డీబీ మైక్రోవోల్ట్, అంటే దాదాపు 630 మైక్రోవోల్టులు. పాసైన బల్బు కూడా అంతవరకు వదలొచ్చు! నిశ్శబ్దంగా ఉండాలని ఎక్కడా రాసి లేదు.

చందు_99
క్వాసీ పీక్ అంటే?

ఛాంబర్‌లో_కూలీ
@చందు_99 చిరాకు మీటర్ అనుకోండి. నిమిషానికోసారి టప్ మంటే మనం పట్టించుకోం, అదే టప్ సెకనుకి వంద సార్లయితే రేడియో కట్టేస్తాం. టప్ ఎంత పెద్దదని మాత్రమే కాదు, ఎంత తరచుగా వస్తుందో కూడా చూసి అంకె ఇచ్చే కొలత అది. సూది చటుక్కున లేచి నెమ్మదిగా దిగుతుంది: మీడియం వేవ్ ప్రాంతంలో లేవడానికి 1 మిల్లీసెకను, దిగడానికి 160. ఏఎం రేడియో వినేవాళ్ల చెవిని బట్టి అలా కట్టారు. ఇన్నేళ్లకీ, ఈ డిజిటల్ రోజుల్లో కూడా, అదే వాడుతున్నాం.

రుషికొండ_కోడింగు
అంటే పెద్దాయన చెవే ప్రపంచ ప్రమాణం. సరే, యాప్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఆటోనగర్_చిన్నబండి
ల్యాబ్ అన్నగారు చెప్పింది బాగుంది కానీ ఇటువైపు కూడా వినండి. మాది ఎల్‌ఈడీ ఫిట్టింగ్‌లు బిగించే చిన్న యూనిట్. ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ ఒకటొస్తే టెస్టుకి తీసుకెళ్లాను. మొదటిసారి 40 మెగాహెర్ట్జ్ దగ్గర 6 డీబీ పైకి లేచింది. ఛాంబర్, అంటే బయటి రేడియో గోల రాని కొలత గది, గంటల లెక్కన అద్దె. అక్కడే స్టూలు మీద కూర్చుని సోల్డరింగ్ ఐరన్‌తో కాయిల్ మార్చడం, మళ్లీ తలుపు మూయడం, మళ్లీ ఫెయిల్. చివరికి అతికింది పది రూపాయల చోక్, గోలని ఆపే కాయిల్. అది కనుక్కోడానికి పోయింది మా నెల లాభం. ఈ పరిమితులు రాసే గదిలో పెద్ద కంపెనీల ఇంజనీర్లుంటారు. నాలాంటోడెవడూ ఉండడు.

పూర్ణామార్కెట్_వైర్లు
@ఆటోనగర్_చిన్నబండి ఎక్స్‌పోర్ట్ సరుకులో చోక్ పెట్టావు. మన ఊళ్లో అమ్మే వాటిలో?

ఆటోనగర్_చిన్నబండి
@పూర్ణామార్కెట్_వైర్లు … తర్వాతి ప్రశ్న అడగండి.

చందు_99
😂😂 దొరికాడు

ఆటోనగర్_చిన్నబండి
నవ్వండి. నేను పది రూపాయలు పెంచితే మీరే "అవతలి షాపులో తక్కువ" అని పోతారు. నిన్న కూడా పోయారు.

జెట్టీ_బాబు
మాది ఫిషింగ్ హార్బరు. ఇక్కడ ఏఎం గొడవ కాదు గానీ అలాంటిదే. పోయిన సీజన్లో బోటు మాస్టు మీద కొత్త ఎల్‌ఈడీ ఫ్లడ్డు లైట్లు ఏయించాను. రేత్రి లైట్లేస్తే వీహెచ్‌ఎఫ్‌లో, అదే బోటు రేడియోలో, పక్క బోటోడి మాట కూడా ఇనపడదు, ఆరిపితే ఇనపడతాది. సెట్టు పోయిందనుకుని మెకానిక్కి మూడు సార్లిచ్చాను, మూడు సార్లూ బాగుందనే ఇచ్చేశాడు. బాగోదా మరి, ఆడి షాపులో నా లైట్లు లేవు కదా!

హామ్_పాతకాపు
@జెట్టీ_బాబు మీది చిన్న విషయం కాదు బాబూ. ఛానల్ 16 అంటే 156.8 మెగాహెర్ట్జ్, ఆపదలో పిలిచేదీ వినేదీ అక్కడే. ఓడలు తామెక్కడున్నాయో చెప్పుకునే ఏఐఎస్ 162 దగ్గర ఉంటుంది, అదీ దెబ్బతింటుంది. 2018 ఆగస్టులో అమెరికా కోస్ట్ గార్డ్ సరిగ్గా దీని గురించే హెచ్చరిక జారీ చేసింది, ఎల్‌ఈడీ దీపాల వల్ల వీహెచ్‌ఎఫ్ వినిపించడం లేదని. వాళ్లు చెప్పిన పరీక్ష మీరు ఈ రాత్రే చెయ్యొచ్చు. లైట్లన్నీ ఆర్పండి. ఎవరూ మాట్లాడని ఛానల్ పెట్టండి. స్క్వెల్చ్ బుడిపెని, అంటే ఖాళీ బుస్సుని అణిచేదాన్ని, బుస్సుమనే దాకా తిప్పి, బుస్సు ఆగేంత మాత్రం వెనక్కి తేండి. ఇప్పుడు లైటు వెయ్యండి. బుస్సు మళ్లీ మొదలైతే దొంగ ఆ లైటే. ఒక్కొక్కటిగా వేసి చూడండి, అన్నీ కలిపి వేస్తే ఏదో తెలీదు.

గీత_గోపాలపట్నం
మరి డబ్బా మీద ముద్రలు దేనికి? బీఐఎస్ గుర్తు, సీఈ గుర్తు, అన్నీ ఉన్నాయి కదా.

చందు_99
సీఈ అంటే చైనా ఎక్స్‌పోర్ట్ అంట, అందరికీ తెలిసిందే.

ఛాంబర్‌లో_కూలీ
@చందు_99 అది వాట్సాప్ కథ, దాన్ని ఇక్కడే పాతిపెట్టండి. సీఈ యూరప్ గుర్తే. కాకపోతే ఈఎంసీ విషయంలో అది తయారీదారు తనకి తాను ఇచ్చుకునే హామీ, ఎవరో మూడో మనిషి కొలిచాడని అర్థం కాదు.

@గీత_గోపాలపట్నం బల్బు మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, అది బీఐఎస్ రిజిస్ట్రేషన్. ప్రధానంగా భద్రత కోసం: షాక్ కొట్టకూడదు, కాలిపోకూడదు. రేడియో గోల సంగతి ఆ నంబరు చూసి తేల్చలేం.

ఇంకో మాట. కొలిచింది కొన్ని నమూనాలనే. సిస్పర్‌లో 80/80 అని ఒక నియమం ఉంది. గుంపుగా తయారయ్యే సరుకులో కనీసం 80 శాతం పరిమితి లోపల ఉందని 80 శాతం నమ్మకంతో చెప్పగలిగితే చాలు. అంటే మిగతా కొన్ని దాటొచ్చని వాళ్లే ఒప్పుకున్నారు. నమూనాలో చోక్ పెట్టి, పదివేల ముక్కల్లో తీసేస్తే అది వేరే కథ, దానికి కమిటీ ఏం చేస్తుంది.

రుషికొండ_కోడింగు
ఒక సందేహం, వెటకారం కాదు. ఆకాశవాణి విశాఖ 100 కిలోవాట్ల ట్రాన్స్‌మీటర్. ఊళ్లోనే ఉండి 9 వాట్ల బల్బు దాన్ని మింగేస్తుందా? లెక్క కుదరట్లేదు.

హామ్_పాతకాపు
@రుషికొండ_కోడింగు మంచి పాయింటే. నాకూ అదే అనుమానం. అపార్ట్‌మెంట్ ఇనుప చువ్వల కాంక్రీటు కొంత సిగ్నల్ తినేస్తుంది, నిజమే. అయినా బల్బు పైకప్పులో ఉంటుంది. అంత బలమైన స్టేషన్‌ని చెడగొట్టాలంటే గోల చేసేది రేడియోకి బాగా దగ్గర్లో ఉండాలి. మూడో అంతస్తు గారూ, ట్రాన్సిస్టర్ ఎక్కడ పెడతారు?

మధురవాడ_మూడో_అంతస్తు
హాల్లో గోడ అలమరలో, ఎప్పట్నుంచో అక్కడే. డయల్ చూశాను: సుమారు 65 కిలోహెర్ట్జ్‌కోసారి లేస్తోంది. ఒకటి సరిగ్గా 910 దాటాక, 927 ముందర మొదలై నాన్నగారి స్టేషన్ మీదికి పాకుతోంది.

హామ్_పాతకాపు
65 పద్నాలుగు సార్లు 910. సరిపోయింది. ఇప్పుడు రేడియోలో కొత్త సెల్స్ వేసి, ఇంటి మెయిన్ ఆపండి. గోల ఆగితే మీ ఇల్లే, ఆగకపోతే పక్కిల్లు.

మధురవాడ_మూడో_అంతస్తు
మెయిన్ ఆపాను. గోల ఆగలేదు! పక్క ఫ్లాట్ వాళ్ల అక్వేరియం లైటు మీద నాకు ముందు నుంచీ అనుమానం. సాయంత్రం వెళ్లి మాట్లాడతాను.

పూర్ణామార్కెట్_వైర్లు
ఆగండాగండి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా?

మధురవాడ_మూడో_అంతస్తు
ఉంది. హుద్‌హుద్ తర్వాత కొన్నదే.

పూర్ణామార్కెట్_వైర్లు
మెయిన్ ఆపితే ఇన్వర్టర్ ఎత్తుకుంటుంది మాస్టారూ. మీ హాల్లో లైట్లు వెలుగుతూనే ఉండి ఉంటాయి.

మధురవాడ_మూడో_అంతస్తు
…వెలుగుతూనే ఉన్నాయి. పక్కింటివాళ్ల దగ్గరికి ఇంకా వెళ్లలేదు, దేవుడి దయ.

చందు_99
చేపలు బతికిపోయాయి.

హామ్_పాతకాపు
హుద్‌హుద్ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2014 అక్టోబరు 12. ఫోన్లు లేవు, టవర్లు లేవు, ఊరంతా కరెంటు లేదు. మేం కొందరం కారు బ్యాటరీ మీద హెచ్‌ఎఫ్ సెట్టు, అంటే దూరాలకి మాట్లాడే హామ్ రేడియో, పెట్టి సందేశాలు అటూఇటూ పంపాం. మామూలు రోజుల్లో మా ఇంట్లో 7 మెగాహెర్ట్జ్ పెడితే ఎవరూ మాట్లాడకపోయినా సూది సగం దాకా లేచి కూర్చుంటుంది. ఆ రాత్రి సూది అడుగున ఆనుకుని కదల్లేదు. ఎక్కడో చాలా దూరం నుంచి సన్నగా పిలుస్తున్నవాడి గొంతు పక్కగదిలో ఉన్నట్టు వినిపించింది. ఊరికి కరెంటు పోతే గానీ తెలీలేదు, రోజూ మనం ఎంత గోలలో కూర్చుని వింటున్నామో. వారం పది రోజుల్లో ఒక్కో వీధికీ కరెంటు వస్తుంటే సూది ఒక్కో గీత పైకెక్కడం చూశాను. జనం చప్పట్లు కొడుతున్నారు, నేనూ కొట్టాను లెండి. ఫ్యాన్ లేక చచ్చాం.

గీత_గోపాలపట్నం
నాదింకో ప్రశ్న. మా ఇంట్లో మైక్రోవేవ్ పెడితే వైఫై పడిపోతుంది. దానికీ పరిమితి లేదా?

ఛాంబర్‌లో_కూలీ
@గీత_గోపాలపట్నం ఇక్కడ తమాషా ఉంది. 2400 నుంచి 2500 మెగాహెర్ట్జ్ ముక్కని ఇలాంటి యంత్రాల కోసమే వదిలేశారు, ఆ ముక్కలో ఓవెన్‌కి ఈ గోల పరిమితి వర్తించదు. బయటకి చిందితేనే తప్పు. వైఫై ఆ తర్వాత వచ్చి ఓవెన్ ఇంట్లో అద్దెకి దిగింది. అద్దెకున్నవాడు ఓనరు గోల చేస్తున్నాడంటే ఎవరు వింటారు? వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకోండి.

మధురవాడ_మూడో_అంతస్తు
దొంగ దొరికాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది.
ఇన్వర్టర్ కూడా ఆపాను. నిశ్శబ్దం. 927 గంటలా మోగింది, నాన్న లోపల్నుంచి "ఆఁ, అదీ" అన్నారు. ఇన్వర్టర్ వేసి ఒక్కో స్విచ్చూ వేసుకుంటూ వచ్చాను. బల్బులన్నీ వేసినా అడుగున సన్నగా సుయ్ మంటుంది తప్ప వార్తలు స్పష్టమే. చివరికి అలమర వెనక ప్లగ్గు. కందిరీగలు లేచాయి. అక్కడున్నది నెట్ రౌటర్ అడాప్టర్. నేను బల్బులు మార్చిన వారమే నెట్ కుర్రాడొచ్చి రౌటర్, అడాప్టర్ మార్చి వెళ్లాడు. అది ట్రాన్సిస్టర్‌కి జానెడు దూరంలో ఉంది. జానెడు!

ఛాంబర్‌లో_కూలీ
పరిమితి వైరు మీద కొలుస్తాం, గాల్లోది 10 మీటర్ల దగ్గర. జానెడు దూరంలో పెడితే నూటికి నూరు పాసైన అడాప్టర్ కూడా మీ రేడియోని ఏడిపించగలదు. పరిమితులు లెక్క కట్టేటప్పుడు గోల చేసేవాడికీ వినేవాడికీ మధ్య కొంత దూరం ఉంటుందనే అనుకుంటారు. ఆ అనుకోవడంలో పక్కింటివాడు ఉన్నాడు, సొంత అలమర లేదు.

రుషికొండ_కోడింగు
అయితే పక్కింటివాడి లెక్క కూడా మనకి తప్పే కదా? 10 మీటర్లంటే అక్కడ తోటలున్న ఇళ్లు. ఇక్కడ నా మంచం తలగడకీ పక్క ఫ్లాట్ టీవీకీ మధ్య ఒకే ఇటుక గోడ. కరెంటు వైర్లు కూడా ఒకే డక్ట్‌లో.

ఛాంబర్‌లో_కూలీ
@రుషికొండ_కోడింగు ఈ చర్చ మొత్తంలో పనికొచ్చే ప్రశ్న ఇది. సిస్పర్‌లో హెచ్ అనే ఉపకమిటీ పనే రేడియో సేవల్ని కాపాడే పరిమితులు చూడడం. వాళ్ల దగ్గర 16-4-4 అని ఒక పత్రం ఉంది. పేరులోనే రెండు విషయాలున్నాయి: ఫిర్యాదుల గణాంకాలు, పరిమితులు లెక్కగట్టే నమూనా. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, దేని మీద వచ్చాయి అన్నది ఆ లెక్కలో ఒక ముడిసరుకు. కమిటీలో దేశాల సభ్యత్వం ఉంటుంది, మన తరఫున బీఐఎస్. మన దగ్గర రేడియో పాడైతే ఎవరైనా రాసి పెడుతున్నారా? బల్బు మార్చేస్తాం, లేదా రేడియో అటక మీద పెట్టేస్తాం. ఆటోనగర్ తమ్ముడు ఆ గదిలో తనలాంటోడు లేడన్నాడు. వినేవాడు కూడా లేడు.

ఫిర్యాదు వల్ల మారినవి ఉన్నాయి. ఇళ్ల మీద సోలార్ ఇన్వర్టర్ల డీసీ తీగల గోలకి సిస్పర్ 11లో పరిమితి 2015లో చేర్చారు. అంతకు ముందు ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌కి వచ్చే పొడుగు తీగలు ఉచిత యాంటెన్నాలే.

చందు_99
ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలి? పోలీస్ స్టేషన్‌లో "సార్, కందిరీగ" అనాలా?

హామ్_పాతకాపు
@చందు_99 వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ అని కేంద్రానిది ఉంది, ఫ్రీక్వెన్సీల కాపలా వాళ్ల పని. లైసెన్సున్న సేవకి, అంటే జెట్టీ బాబు వీహెచ్‌ఎఫ్‌లాంటి దానికి అంతరాయమైతే తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ రాసుకుని అడగండి. రాసుకోకపోతే ఎవరొచ్చినా ఆ పూట గోల ఉండదు, ఇది నా అనుభవం. వేల్స్‌లో అబెర్‌హోసన్ అని ఒక పల్లె. ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున్న 7 గంటలకి ఊరందరి బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. కేబుళ్లు మార్చారు, లాభం లేదు. చివరికి 2020లో మీటర్లు పట్టుకుని తెల్లారకముందే ఊళ్లో తిరిగారు. ఒకరింట్లో పాత టీవీ. పొద్దున్న 7కి వేస్తారు. సమయం రాసుకున్నారు కాబట్టి దొరికింది.

పూర్ణామార్కెట్_వైర్లు
మూడో అంతస్తు గారికి మందు: ముందు రేడియోని రెండు గజాల అవతల పెట్టండి. చాలకపోతే అడాప్టర్ డీసీ వైరుని ఫెరైట్ రింగు (గోలని ఆపే నల్లటి ఉంగరం) మీద పది చుట్లు చుట్టండి. గుండ్రంగా తగిలించే క్లిప్పు రకం కొనొద్దు, ఒక్క చుట్టుతో ఈ కింది ఫ్రీక్వెన్సీ దగ్గర అది అలంకారమే. పాత మానిటర్ల లోపల మంచి రింగులు దొరుకుతాయి, షాపుకొస్తే ఒకటి ఊరికే ఇస్తా.

హామ్_పాతకాపు
ట్రాన్సిస్టర్‌ని అడ్డంగా తిప్పి కూడా చూడండి. లోపల ఫెరైట్ కడ్డీ ఉంటుంది, దాని కొన దొంగ వైపు చూస్తే గోల పడిపోతుంది.

జెట్టీ_బాబు
రాత్రి పరీక్ష సేశాను. ఆరు లైట్లు. నాలుగు మంచియే. ఎనకాల రెండు ఏసేసరికి బుస్సుమంది. ఆ రెండూ ఏరే షాపులో కొన్నవి, తక్కువకొచ్చాయని. ఆటోనగర్ అన్నా, నీ ఎక్స్‌పోర్ట్ సరుకు రెండు కావాల, 24 వోల్టులది. పది రూపాయలు ఎక్కువైనా పరవాలేదు.

ఆటోనగర్_చిన్నబండి
@జెట్టీ_బాబు సోమవారం రా. చోక్ ఉన్నవే ఇస్తా. బిగించాక పరీక్ష నా ముందే చెయ్యి.

మధురవాడ_మూడో_అంతస్తు
రేడియో కిటికీ దగ్గరకి మారింది. రింగు ఇంకా చుట్టలేదు, అవసరం పడలేదు. కొత్త గొడవ: సాయంత్రం ఆరు దాటగానే మళ్లీ సన్నగా మొదలవుతోంది. మా ఇన్వర్టర్, మెయిన్, అన్నీ ఆపి చూశాను, ఈసారి లైట్లు ఆరాయని కళ్లతో చూసుకున్నాను. మెట్ల దగ్గర అసోసియేషన్ వాళ్లు వేయించిన లైట్లు ఆరింటికే వెలుగుతాయి. ఆదివారం మీటింగ్ ఉంది. నాన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని తనే వస్తానంటున్నారు.